మా తాత తుపాకీ మీద రెండు అక్షరాలు

మీ తాతల నాటి వస్తువును ఎప్పుడైనా తిరగేసి చదివారా?

"రాసి ఉన్నది చదవండి!" అని ప్రతి ఆదివారం చర్చిలో గర్జించే నేనే చదవలేదు. తాత చిరుతను కొట్టిన తుపాకీ గురించి పదేళ్లుగా సాక్ష్యం చెబుతున్నాను. ఈ రోజు దాన్ని శుభ్రం చేయించడానికి వన్ టౌన్‌లో తుపాకీలు బాగుచేసే సూరిబాబుకిచ్చాను. అతను గొట్టం మీది ముద్రలకు భూతద్దం పెట్టాడు.

"అయ్యగారూ, ఈ సుక్క గుర్తు ఇటలీలో పేల్సి పరీక్ష సేసినట్టు. పక్కన గడిలో ఏ, ఎల్ అచ్చరాలు ఆ పరీక్ష సేసిన ఏడు, అంటే పందొమ్మిదొందల ఎనభై మూడు. తాతగారు ఎప్పుడు పోనారు?"

"డెబ్బై ఏడులో."

"మరి సిరుతని ఏటెట్టి కొట్టినారండీ, కర్రెట్టా?"

సాయంత్రం యారాడ ప్రార్థన కూటంలో అదే సాక్ష్యం చెప్పాలి. చేతిలో బైబిలు వాక్యం పెట్టుకుని ఎలా బొంకను? ఒప్పేసుకున్నాను. ముందు వరుసలోని మామ్మ, "పోన్లే బాబూ, సిరుత బతికిపోనాది" అంది.

ప్రియులారా, మీ ఇంటి చిరుతల సంగతి కింద రాయండి. ముందు లేవండి, అటక ఎక్కండి, ఈ రోజే చదవండి!