తెల్లదారం దిక్కు, ఎర్రదారం దిక్కు

ఏటా ఎండలు ముదిరాక, వానలకు ముందు, అమ్మ గదిలోని ఇనపపెట్టె తెరిచి బొంతను మేడ మీద ఎండలో వేయడం మా ఇంట్లో నా పని. మూత ఎత్తగానే మొదట ఎండిన వేపాకు వాసన వస్తుంది, దాని వెనకే కర్పూరం, ఆ తర్వాత, బొంతలో ముక్కు దూర్చి కళ్ళు మూసుకుంటే, నూలుకు పట్టించిన గంజి వాసనా యంత్రాల నూనె వాసనా కలిసి మెల్లగా పైకి తేలతాయి. ఎన్నిసార్లు ఉతికినా ఆ చివరి వాసన పోలేదు. పోతుందేమోనన్న భయంతో ఈ మధ్య ఉతకడమే మానేశాను. ఈసారి మడత విప్పితే బొంత ఒక పక్క నోరు తెరుచుకుని ఉంది. ఎర్రదారం కుట్లు మూరెడు పొడవునా ఊడిపోయి, లోపలి పాతచీరల పొరలు బయటికి తొంగిచూస్తున్నాయి.

ఎర్రదారం రీలు తెచ్చి సాయంత్రానికల్లా కుట్టేస్తానన్నాను. మంచం మీద కూర్చున్న అమ్మ తలెత్తకుండానే, "అది మన దిక్కు గాదు. నువ్వు ముట్టకు" అంది. ఆ మాట విని ఎన్నేళ్ళయిందో. బొంతను ఒళ్ళో వేసుకుని అక్కడే నేల మీద కూలబడ్డాను.

మా పాత ఇల్లు సోలాపూర్‌లోని భవాని పేట్‌లో ఉండేది. ముందు భాగమంతా సాంచెలు, అంటే పవర్‌లూమ్‌లు. వాటి వెనక రెండు గదుల్లో బాపు, అమ్మ, నేను, బాపు తమ్ముడైన కాక, ఆయన భార్య చిన్నమ్మ, వాళ్ళ కూతురు సుజాత, అందరి మీదా పెత్తనం చేసే బాపు తల్లి, మా బాపమ్మ. సాంచెల చప్పుడులోనే పుట్టి పెరిగిన వాళ్ళం గనక ఆ చప్పుడు మాకు వినిపించేదే కాదు. కరెంటు పోయి అవి ఆగినప్పుడే ఉలిక్కిపడేవాళ్ళం, వీధిలోని పసిపిల్లలంతా నిద్రలేచి ఏడుపు లంకించుకునేవాళ్ళు. గాలిలో ఎప్పుడూ నూలు దూది సన్నగా ఎగురుతూ ఉండేది. వెలుతురు పడే చోట నిలబడితే వెంట్రుకల మీదా కనుబొమల మీదా అది వాలేది, సుజాతా నేనూ ఒకరినొకరం చూసుకుని ముసలమ్మలమయ్యామని నవ్వుకునేవాళ్ళం.

సోలాపూర్ చద్దర్లు ఊరూరా అందరూ కప్పుకునేవారు, నేసే మేము మాత్రం బొంతలు కప్పుకునేవాళ్ళం. చద్దరు అమ్మే సరుకు, దాన్ని ఇంట్లో పరిచి తొక్కుతారా అని బాపమ్మ కోప్పడేది. కాల్చిన పొగాకు మిస్రీపొడితో పళ్ళు తోముకుంటూ గడప మీద కూర్చునే ఆ మనిషికి చిరిగిన చీర అంటే బంగారంతో సమానం. సాంచెలు ఆగే సెలవురోజున, జొన్నరొట్టె, పల్లీల శేంగా చట్నీ తిని గిన్నెలు కడిగాక, గచ్చు మీద పాతచీరలు పొర మీద పొర పరిచి, మూలలకు బండరాళ్ళు బరువు పెట్టి, అమ్మ ఒక అంచున, చిన్నమ్మ ఎదుటి అంచున గొంతుక్కూర్చునేవాళ్ళు. అంచుల నుంచి లోపలికి వరస వెంట వరస కుట్టుకుంటూ వచ్చి నడిమధ్యలో కలుసుకోవాలి. మేమిద్దరం పొరల మధ్య దూరి పడుకునేవాళ్ళం. నెత్తి మీద నుంచి పోయే సూదుల చప్పుడూ, ఆ ఇద్దరి గుసగుసలూ, ఉండి ఉండి పెద్దగా నవ్వూ, చీరలోంచి వడగట్టినట్టు దిగే పసుపుపచ్చని వెలుతురూ. అంత హాయి నాకు మళ్ళీ ఎక్కడా దొరకలేదు.

ఆ ఎండాకాలం బాపమ్మ కోసం కొత్త బొంత మొదలుపెట్టారు. లోపల ఆమె చీరలు, చనిపోయిన తాతయ్య ధోవతి. పైన సగం అమ్మ పెళ్ళినాటి ఆకుపచ్చ చీర, సగం చిన్నమ్మది, వంకాయరంగు. తువ్వాళ్ళు నేయగా నూలు చుట్టే కండెల్లో మిగిలిన తెల్లనూలు పేని అమ్మ కుట్టింది, చిన్నమ్మ చద్దర్ల ఎర్రనూలుతో కుట్టింది. బొంత సగమైనా కాకముందే ఇల్లు రెండయింది.

అన్నదమ్ములు పంచుకోవడంలో గొడవేమీ పడలేదు. తువ్వాళ్ళ సాంచెలు బాపుకు, చద్దర్ల సాంచెలు కాకకు. కాక జోడ్‌భావి పేట్‌లో ఇల్లు చూసుకున్నాడు. సామాను బండికెక్కుతుంటే, అంతకాలం మనసులో ఏం పెట్టుకుందో, చిన్నమ్మ వీధి వీధంతా వినేలా, "ఇన్నేండ్లు ఈ ఇంట్ల కండెలు చుట్టే కూలిదాన్నే అయిన గని కోడల్ని కాలే" అంది. అమ్మకు రోషం ముంచుకొచ్చింది. "ఇగ నీ నీడ సుత నా గడప మీద పడొద్దు" అంది. బండి కదిలింది. సుజాత వెనక్కి చూస్తూ చెయ్యి ఊపింది, నేను ఊపానో లేదో గుర్తులేదు.

మిగిలింది బొంత. మధ్యకు కోసి ఎవరి సగం వాళ్ళకిద్దామని ఎవరో అన్నారు. బాపమ్మ వెళ్ళి దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"కోస్తే ముందుగాల నన్ను కొయ్యుర్రి. పున్నం దాక పెద్దోని ఇంట్లుంట, అమాస దాక చిన్నోని ఇంట్లుంట. నేను యాడుంటే నా బొంత ఆడ. ఎవలి దిక్కు వాళ్ళు కుట్టుర్రి. బస్!"

అలా ఆ బొంత తిరగడం మొదలైంది. బాపు సైకిల్ వెనక బొంత, దాని పక్కన నడుస్తూ బాపమ్మ, ఆమె కొంగు పట్టుకుని నేను, కొంతం చౌక్ దాటేసరికి ఎదురొచ్చే సుజాత. ఏడాదంతా మాకది ఊరేగింపే. బతుకమ్మ రోజుల్లో మడతల్లో రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు దొరికేవి, బాపమ్మ ఆ ఇంట్లోంచి ఈ ఇంటికి రహస్యంగా దాచి తెచ్చేది. ఎవరు చేశారో అడక్కుండానే అమ్మ ఒకటి నోట్లో వేసుకుని, "బెల్లం ఎక్కువైంది" అని ఇంకొకటి తీసుకునేది.

బొంత రాగానే అమ్మ చేసే మొదటి పని ఎర్రదారం వైపు పరీక్ష చెయ్యడం. "సూడు, ఒంటె నడిచినట్టు కుట్టింది!" అనేది. అక్కడ చిన్నమ్మ కూడా, "మీ పెద్దమ్మయి కుట్లా, చీమల బారా?" అనేదట. ఈ మాటలన్నీ సుజాతా నేనూ ఒకరికొకరం చెప్పుకుని నవ్వుకునేవాళ్ళమే గానీ ఇంట్లో పొక్కనిచ్చేవాళ్ళం కాదు. అప్పటికే మా ఇద్దరికీ ఒక్కటే దిగులు, వీళ్ళు ఎప్పటికీ మాట్లాడుకోకపోతే మా గతేం కాను అని.

ఒకసారి బొంత తిరిగొచ్చినప్పుడు అమ్మ ఆకుపచ్చ చీర మీద, సైకిల్ చక్రంలో పడి చిరిగిన చోట, చిన్న అతుకు వేసి ఉంది. వంకాయరంగు గుడ్డ, ఎర్రదారం, చీమల బారు కంటే సన్నటి కుట్టు. అమ్మ దాని మీద ఈ కొస నుంచి ఆ కొసకు వేలు నడిపింది. ఆ తర్వాత ఒంటెల ఊసెత్తలేదు.

అప్పటి నుంచే వరసలు దగ్గరపడ్డాయి. మొదట్లో వరసకూ వరసకూ మధ్య రెండు వేళ్ళ ఎడం ఉండేది, అది వేలెడయింది, తర్వాత గోరంత, తర్వాత జొన్నగింజంత. ఎర్రవైపూ అంతే. ఇద్దరూ పొద్దంతా కుడుతున్నారు, బొంత మాత్రం ముందుకు జరగడం లేదు. అది పూర్తయితే ఒకరి చేతిపని ఇంకొకరి చేతికి వచ్చే దారి ఉండదని వాళ్ళిద్దరికీ తెలుసు.

చలికాలం వచ్చింది. గుచ్చి ఉన్న సూదులతో సహా బొంత కప్పుకుని బాపమ్మ మూలుగుతూ, "మీ చేతులకు ఏం రోగమొచ్చిందే! దారమేమన్న ఫుకట్‌ల వచ్చిందా? చలి నెత్తి మీదికొచ్చింది, జల్దీ కానియ్యుర్రి" అని రెండిళ్ళలోనూ తిట్టేది. తిడుతూ తిడుతూ కొంగు చాటున నవ్వుకోవడం నేను చూశాను.

నడుమ ఒక్క వరస పట్టేంత చోటు మిగిలినప్పుడు, కాక సాంచెలు అమ్మేసి ముంబయి దగ్గరి భివండి పోతున్నాడని తెలిసింది. ఆ రోజు ఆకాశమంతా ముసురు కమ్మి, పట్టపగలే ఇల్లంతా మసకమసకగా ఉంది. గుమ్మం బయట చిన్నమ్మ నిలబడి ఉంది, బొంతను పసిపిల్లలా భుజాన వేసుకుని, పక్కన సుజాత. లోపలికి రావడం లేదు.

"నీడ పడొద్దన్నవు గదక్కా," అంది. "మబ్బు పట్టిన దినం సూస్కొని వచ్చిన."

అమ్మ చేతిలోని కండె కింద పడి గదంతా దొర్లింది. అమ్మ నవ్విందా ఏడ్చిందా అంటే రెండూ చేసింది. "ఏందే, గంత మాట మనసుల పెట్టుకుంటరా" అంటూ చెయ్యి పట్టి లోపలికి లాగింది. ఇద్దరూ గచ్చు మీద బొంత పరిచి, ఒకరు ఈ కొస నుంచి, ఒకరు ఆ కొస నుంచి ఆ ఆఖరి వరస కుట్టారు. మోకాళ్ళు మోకాళ్ళకు తగిలాక తెల్లదారం ఎర్రదారం కలిపి ఒకే ముడి వేశారు. ముడి వేశాక కూడా లేవలేదు. సుజాతా నేనూ ఎప్పటిలా బొంత కిందికి దూరాం గానీ, ఆ మబ్బుకు లోపల వెలుతురే లేదు.

ఆ ముడి ఇప్పటికీ ఉంది. అంచులు పీలికలైనా, నడుమ ఆ చిక్కటి కుట్ల దగ్గర బొంత అట్టలా గట్టిగా ఉంటుంది. ఇంకేవీ లేవు. బొంతతో పాటు మా ఇంట్లోనే ఉండిపోయిన బాపమ్మ పోయింది. భవాని పేట్ ఇంటి స్థానంలో మూడంతస్తుల భవనం లేచింది, కింద సెల్‌ఫోన్ల దుకాణం. మా వీధిలో సాంచెలు ఒక్కటొక్కటే ఆగిపోయాయి, ఆ నిశ్శబ్దానికి ఇప్పుడు ఏ పసిబిడ్డా ఉలిక్కిపడదు. చిన్నమ్మ భివండిలోనే కన్నుమూసింది. మోకాళ్ళు కదలక అమ్మ కడసారి చూపుకు కూడా పోలేకపోయింది. ఆ తర్వాత సుజాత ఇటు రాలేదు. పండగపూట ఫోనులో ఒక దీపం బొమ్మ పంపుతుంది, నేనూ ఒక పువ్వు బొమ్మ పంపుతాను. సుజాత ఎట్లుందని అమ్మ అడగడం కూడా ఈ మధ్య మానేసింది.

ఒళ్ళోని బొంతను వెలుతురుకు పట్టి చూశాను. జీర్ణమై తెగిన దారం కొస పీచులా ఉంటుంది, నేతగాళ్ళ ఇంట్లో పుట్టినదాన్ని, నాకామాత్రం తెలుసు. ఇక్కడ ప్రతి కుట్టూ నున్నగా తెగి ఉంది. అమ్మ దిండు కింద నుంచి దారాలు కత్తిరించే చిన్న కత్తెర కొస కనపడుతోంది. నేను చూడటం చూసి అమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

ఫోను తీసి సుజాతకు కలిపాను. "బొంత మీ దిక్కు ఊడిపోయింది. ముట్టనిస్తలేదు అమ్మ. కొరియర్‌ల పంపుత, కుట్టి పంపు" అన్నాను.

అవతల సుజాత, గొంతు అచ్చం చిన్నమ్మదే, "పంపకక్కా, నేనే వస్త. ఆడ మబ్బు పట్టిందా?" అంది.

కిటికీ బయట సోలాపూర్ ఎండ నిప్పులు చెరుగుతోంది. అమ్మ గోడ వదిలి నా వైపు తిరిగింది.

"పట్టింది," అన్నాను. "జల్దీ రా."