వేడి తెలియని కాపడం

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మగబిడ్డగా పుట్టిన నేను తమిళనాడులోని విరుదునగర్‌లో ఆపరేషన్ చేయించుకుని ఆడదాన్నయ్యాను. కుట్లు విప్పాక గాయం మానుతోందన్నారు డాక్టరు. అక్కడ మళ్ళీ స్పర్శ వస్తుందా, సుఖమనేది తెలుస్తుందా అని అడగాలనుకున్నాను. నర్సుల ముందు నోరు పెగల్లేదు.

కోవిల్‌పట్టిలో నన్ను కూతురిగా చేసుకున్న అమ్మ ఇంటికి చేరాను. ఆమెదీ నాలాంటి జన్మే, ఇంట్లో మాట్లాడేదీ మా తెలుగే. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో ఏళ్ళ తరబడి మైనం కాచి ఆమె చేతులు మొద్దుబారిపోయాయి. మాలాంటివాళ్ళ ఆనవాయితీ ప్రకారం రోజూ వేడినీళ్ళలో గుడ్డ ముంచి గాయానికి కాపడం పెట్టేది.

ఒక ఉదయం ఆ గుడ్డ జారి తొడకు తగిలింది. కెవ్వుమన్నాను. చూస్తే, అంతవరకూ కాపడం పెట్టినచోట బొబ్బ లేచి ఉంది.

"ఇంత సేపు ఏంటికే సెప్పలా?" అంది అమ్మ.

"నాకేం తెలీలేదమ్మా."

"నా సేతికీ తెలీలేదే." గుడ్డ పక్కన పెట్టింది. "అది తిరిగొస్తాదా అని డాక్టర్ని అడిగితివా?"

"ఎట్ల అడిగేది? సిగ్గు."

నీళ్ళ గిన్నె దూరంగా జరిపింది అమ్మ. "నేనూ అడగలే," అంది.

నాకు ఏడుపు కూడా రాలేదు.

ఇన్నేళ్ళలో స్పర్శ కొంత వచ్చింది, కొంత రాలేదు. ఆడదాన్నయినందుకు మాత్రం విచారం లేదు. ఇప్పుడు నాకూ కూతుళ్ళున్నారు. ఆపరేషన్‌కు ముందే ఆ ప్రశ్న అడిగి రమ్మంటాను. వాళ్ళకు కాపడం పెట్టేటప్పుడు గుడ్డను ముందు నా చెంపకు ఆనించుకుంటాను.