పదకొండో నంబరు అమ్మాయికి నేను వేసిన మార్కులు

ఢిల్లీ మునిర్కాలో నేనుండే ఇంటికి పది నిమిషాల నడక దూరంలో ఒక బడి ఉంది. ఆ బడి వెనక హాకీ టర్ఫ్ ఉందన్న సంగతి తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఉద్యోగం గుర్గావ్‌లో. పొద్దున మెట్రోలో పోవడం, సాయంత్రం మెట్రోలో రావడం, ఆదివారం బట్టలు ఉతుక్కుని పడుకోవడం, అంతే జీవితం. ఒక ఆగస్టు ఆదివారం పొద్దున్నే పాల కోసం వెళ్ళాను. తిరిగి వచ్చేసరికి రోజూ నడిచే సందును పైపుల కోసం తవ్వేశారు. చుట్టూ తిరిగి బడి వెనక నుంచి వస్తుంటే గోడ అవతల టక్, టక్ మని చప్పుడు వినిపించింది. స్టిక్కు బంతికి తగిలిన చప్పుడు. అది విని పదిహేనేళ్ళు దాటింది. కాళ్ళు వాటంతటవే ఆగిపోయాయి.

అనంతపురంలో చదువుకునే రోజుల్లో నేను యూనివర్సిటీ జట్టుకు హాకీ ఆడాను. హాఫ్‌బ్యాక్‌ని, వెనకవాళ్ళకీ ముందువాళ్ళకీ మధ్య ఆడేదాన్ని. మాది ఎర్రమట్టి మైదానం. మధ్యలో గులకరాయి ఉంటే బంతి ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. మోకాళ్ళ మీద ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. ఇక్కడేమో పచ్చటి టర్ఫ్, దాని మీద నీళ్ళు చల్లారు, పదహారు మంది ఆడపిల్లలు పొద్దుటి ఎండలో జారుతూ, లేస్తూ, అరుచుకుంటూ ఆడుతున్నారు. పన్నెండు, పదమూడేళ్ళ పిల్లలు. గేటు తీసే ఉంది. చేతిలో పాల ప్యాకెట్లతో లోపలికి వెళ్ళిపోయాను.

అరవై ఏళ్ళకు దగ్గరపడ్డ ఒకావిడ మెడలో విజిల్‌తో, సల్వార్ కమీజ్ మీద స్పోర్ట్స్ బూట్లతో నిలబడి ఉంది. ఆవిడే కోచ్. ఆవిడ మాట్లాడేది హర్యానా హిందీ. నాకు గుర్తున్నంతలో తెలుగులో రాస్తున్నాను.

"ఏం చూస్తున్నావు బేటా? మీ పాప ఉందా ఇందులో?"

"లేదు మేడమ్‌జీ, ఊరికే. నేనూ ఆడేదాన్ని."

"ఎక్కడ?"

"హాఫ్‌లో."

ఆవిడ మరేం అడగకుండా ఒక స్టిక్కు నా చేతిలో పెట్టి, పది అడుగులు వెనక్కి వెళ్ళి బంతిని గట్టిగా కొట్టింది. అది నా స్టిక్కు కింద నుంచి దూసుకుపోయి, నేల మీద పెట్టిన పాల ప్యాకెట్‌కి తగిలింది. ప్యాకెట్ పగిలింది. పదహారు మందీ ఆట ఆపి నవ్వారు. రెండో బంతి ఆపాను. మూడోదీ ఆపాను.

"చేతులకి గుర్తుంది. నడుమే మర్చిపోయింది," అంది కోచ్. "ఆఫీసులో ఏం పని?"

"హెచ్.ఆర్. ఏడాదికోసారి అందరి పనీ బేరీజు వేసి మార్కులివ్వడం..."

ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఈ పదహారు మందిలో ఐదుగురు అక్టోబరు చివర్లో పెద్ద జట్టులోకి వెళ్ళాలి. పెద్ద జట్టు ఊళ్ళో జరిగే బాలికల లీగ్‌లో ఆడుతుంది. ప్రతిసారీ ఎంపిక కాగానే తల్లిదండ్రులు ఆవిడ మీద పడుతున్నారట. "నువ్వు బయటి మనిషివి. మార్కులేయడం నీ వృత్తి. ఆదివారాలు వచ్చి కూర్చో," అంది. పాలు కారుతున్న ప్యాకెట్‌తో నిలబడి సరేనన్నాను.

ఆ వారమంతా మెట్రోలో కూర్చుని ఒక ఫారం తయారుచేశాను. పన్నెండు గడులు. వేగం, బంతి ఆపడం, పాస్ ఇవ్వడం, ఇలా ఒక్కోదానికి ఐదు మార్కులు. బాగుంటే ఆకుపచ్చ, లేకపోతే ఎరుపు. కోచ్ కళ్ళద్దాలు పెట్టుకుని శ్రద్ధగా చదివింది.

"రంగులు బాగున్నాయి. బంతి పోగొట్టుకున్నాక పిల్ల ఏం చేస్తుందో ఏ గడిలో రాయాలి?"

అలాంటి గడి లేదు.

"అదొక్కటి చూస్తే సగం తెలిసిపోతుంది నాకు. ఒకతి అంపైర్ వంక చూస్తుంది. ఒకతి తన స్టిక్కు వంక చూస్తుంది, తప్పంతా దానిదే అయినట్టు. ఒకతి వెనక్కి తిరిగి పరిగెత్తుతుంది. నాకా మూడోది కావాలి. ఇంకోటి, ఇవాళ ఎలా ఆడిందో నాకక్కర్లేదు. ఆగస్టులో రానిది అక్టోబరుకి వచ్చిందా లేదా, అది చెప్పు."

పదమూడో గడి చేర్చాను.

పిల్లల పేర్లు నోటికి రాకముందే చొక్కా మీది నంబర్లు వచ్చేశాయి. ఏడో నంబరు ఫార్వర్డ్, మెరుపులా పరిగెత్తేది, ప్రతి ఆదివారం గోల్ కొట్టేది, ఎవరికీ పాస్ ఇచ్చేది కాదు. గోల్‌కీపర్ పిల్ల బంతి దగ్గరికి రాగానే రెండు కళ్ళూ గట్టిగా మూసుకునేది. సెప్టెంబరుకల్లా ఒక కన్ను తెరిచింది. దాన్ని ఏ గడిలో రాయాలో తెలియక పక్కన అంచులో రాసుకున్నాను.

పదకొండో నంబరు అమ్మాయిది నా స్థానమే, హాఫ్. ఆమె తెలుగుపిల్ల అని మూడో ఆదివారం తెలిసింది. టర్ఫ్ ఒడ్డున కుర్చీలో కూర్చున్న ఒకావిడ ఉన్నట్టుండి లేచి, "వంగవే తల్లీ! ఇంకొంచెం వంగు!" అని మైదానమంతా వినపడేలా అరిచింది.

"మమ్మీ, ప్లీజ్!" అని అంతకంటే గట్టిగా అరిచింది పిల్ల.

నాకు నవ్వాగలేదు. ఆవిడ చూసింది.

"మీరు తెలుగోళ్ళాండీ?"

"ఆఁ, మాది అనంతపురం."

"మాది తెనాలండీ. మూడు వారాల్నుంచి పక్కనే కూర్చుని మీతో హిందీలో మాట్లాడుతున్నా చూడండి!"

వాళ్ళాయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద ఢిల్లీ వచ్చి ఎనిమిదేళ్ళయిందట. పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది కానీ జవాబు మాత్రం హిందీలోనే చెబుతుందట. మరుసటి ఆదివారం ఆవిడ స్టీలు డబ్బాలో ఇడ్లీలు, కారప్పొడి తెచ్చింది. ఒళ్ళో మార్కుల ఫారం పెట్టుకుని నాలుగు ఇడ్లీలు తిన్నాను. మెత్తగా, వేడిగా ఉన్నాయి.

నాకు తెలియకుండానే అప్పటినుంచి ఒక పని మొదలైంది. పదకొండో నంబరు బాగా ఆడినప్పుడల్లా, 'తెలుగుపిల్ల అని ఎక్కువ వేస్తున్నానా? ఇడ్లీలు తిన్నానని వేస్తున్నానా?' అని అనుమానం వచ్చి ఒక మార్కు తీసేసేదాన్ని. తప్పు చేసినప్పుడు మాత్రం ఏ అనుమానమూ వచ్చేది కాదు. హాయిగా తగ్గించేదాన్ని.

సెప్టెంబరు చివర్లో ఇంకో బడి పిల్లలతో ఒక మ్యాచ్ జరిగింది. అయ్యాక కోచ్ వచ్చి బెంచీ మీద నా పక్కన కూర్చుంది.

"పదకొండో నంబరు రెండో సగంలో ఏం చేసింది, చెప్పు."

చెప్పాను. మూడుసార్లు అవతలివాళ్ళ దగ్గర బంతి లాక్కుంది. ఒకసారి తనే పోగొట్టుకుని, వెంటనే వెనక్కి పరిగెత్తి మన గోల్ ముందు మళ్ళీ తెచ్చుకుంది. ఏడో నంబరు కొట్టిన రెండో గోల్‌కి పాస్ మొదలైంది ఈ పిల్ల దగ్గరే. చెబుతూ చెబుతూ నాకే ఉత్సాహం వచ్చేసింది, చేతులు ఊపుతూ చూపించాను.

కోచ్ నా ఫారం మీద వేలు పెట్టింది. "ఇదంతా ఇక్కడేదీ? బంతి పోయాక ఏం చేసిందన్న చోట ఐదుకి రెండు వేశావు."

ఫారం మడతపెట్టబోయాను.

"మీవైపు పిల్ల అని భయపడ్డావా?"

ముఖం మంటెక్కింది. ఆఫీసులో ఏటా రెండుసార్లు, పక్షపాతం లేకుండా మనుషులను ఎలా అంచనా వేయాలో స్లైడ్లు చూపించి పాఠం చెప్పేదాన్ని నేను. ఫారం ఆవిడ వైపు తోశాను.

"మేడమ్‌జీ, ఆ పాపని మీరే చూసుకోండి. నన్ను వదిలేయండి."

"తప్పించుకోకు. భయం నీది, మార్కులు పోయింది దానికి. నువ్వే సరిచెయ్యి," అని మోకాళ్ళు పట్టుకుని లేచి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఫారాలన్నీ పక్కన పడేసి, గీతల నోటుబుక్కు ఒకటి కొన్నాను. ఇక అంకెలు వద్దనుకున్నాను. ఎవరు ఏం చేశారో, కళ్ళతో చూసింది మాత్రమే, తెలుగులో ఒక్కో వాక్యం రాయడం మొదలుపెట్టాను. 'ఏడు: ఇవాళ రెండుసార్లు తలెత్తి చూసింది, ఒకసారి పాస్ ఇచ్చింది, ఇచ్చాక తనే ఆశ్చర్యపోయింది.' 'గోల్‌కీపర్: రెండు కళ్ళూ తెరిచే ఉన్నాయి.' 'పదకొండు: ఎడమ వైపు వచ్చిన బంతికి స్టిక్కు తిప్పేసరికి ఆలస్యమవుతోంది.'

పదకొండో నంబరు తల్లికి కూడా ఒక మాట చెప్పాల్సి వచ్చింది.

"అక్కా, ఎంపిక అయ్యేదాకా నాకు టిఫిన్ తేవద్దు."

"అదేంటండీ! ఇడ్లీలకీ హాకీకీ ఏంటి సంబంధం?"

"నాకుందక్కా."

ఆవిడ నన్ను కాసేపు చూసి పకపకా నవ్వింది. "అయితే అక్టోబరు దాకా పస్తులుండండి," అంది.

అక్టోబరు చివరి ఆదివారం కోచ్ గదిలో కూర్చున్నాం. నలుగురి సంగతి పావుగంటలో తేలిపోయింది. గోల్‌కీపర్ వెళ్తుంది. ఏడో నంబరు వెళ్తుంది, ఇప్పుడు పాస్ ఇస్తోంది కాబట్టి. వెనక ఆడే ఇద్దరి మీదా మా ఇద్దరికీ ఒకటే అభిప్రాయం. ఐదో చోటు దగ్గర ఆగాం. పదకొండో నంబరా, మూడో నంబరా? ఇద్దరూ హాఫ్‌లే.

నోటుబుక్కులోంచి ఇద్దరి పేజీలూ హిందీలో చదివి వినిపించాను. పదకొండు బాగా ఎదిగింది, సందేహం లేదు. కానీ ఎడమ వైపు బంతి ఇంకా పూర్తిగా చేతికి రాలేదు. మూడో నంబరుకి వచ్చేసింది.

"నువ్వే చెప్పు," అంది కోచ్.

నాకు పదకొండే కావాలని ఉంది. అది నాకు స్పష్టంగా తెలుసు. తెలిసే చెప్పాను.

"మూడు."

"పక్కా?"

"పక్కా."

పిల్లలకి గోడ మీద కాగితం అంటించి చెప్పకూడదన్నది కోచ్ నియమం. ఎవరికి వారికి ఎదురుగా చెప్పాలి. పదకొండో నంబరుకి నేనే చెబుతానన్నాను. బడి మెట్ల మీద కూర్చోబెట్టాను.

"పాపా, ఈసారి నువ్వు లేవు."

"అచ్ఛా," అంది తల వంచుకుని. బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. "కిత్నే సే రహ్ గయీ?"

ఎంతలో తప్పిపోయిందో అడుగుతోంది. ఒక్కరి వెనక అన్నాను. ఎందుకని అడిగింది. నోటుబుక్కు ఇచ్చాను. పేజీలు తిప్పి నా వంక చూసింది.

"ఆంటీ, యే తో తెలుగు మేఁ హై. ఆప్ పఢో."

తెలుగు అక్షరాలు రావు తనకి, నన్నే చదవమంది. సెప్టెంబరు నుంచి తన గురించి రాసిందంతా చదివాను. అంతకుముందు ఫారంలో తన మార్కులు ఎలా తగ్గాయో కూడా చెప్పాను, అది నా తప్పని. పిల్ల దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. వాక్యాల మీదే ఉంది ధ్యాస. నేను తెలుగులో చదువుతుంటే తను హిందీలో వాదించింది. "వో బాల్ మేరీ నహీఁ థీ, నంబర్ ఫోర్ కీ థీ!" ఆలోచిస్తే నిజమే, ఆ బంతి నాలుగో నంబరుదే. ఆ వాక్యం కొట్టేశాను. కళ్ళలో నీళ్ళు తిరిగితే చొక్కా అంచుతో తుడుచుకుని, "లెఫ్ట్ వాలా ఫిర్ సే పఢో," అంది. ఎడమ వైపు గురించి రాసింది మూడుసార్లు చదివించుకుంది.

మరుసటి ఆదివారం వాళ్ళమ్మ నా పక్కన కూర్చోలేదు. ఒడ్డుకి ఆ చివర కుర్చీ వేసుకుంది. ఆపై ఆదివారం మాత్రం నేరుగా నా దగ్గరికే వచ్చింది.

"ఎడమ వైపు ఆట బాగుపడాలంటే ఇంట్లో ఏం చేయించాలండీ?"

"గోడకి టెన్నిస్ బంతి కొట్టించి, వెనక్కి వచ్చింది స్టిక్కు తిప్పి ఆపమనండి. రోజుకి అరగంట."

"పక్క ఫ్లాట్‌వాళ్ళు తిడతారేమోనండీ."

"తిట్టనీండి."

నవంబరులో గాలి పాడై పది రోజులు ప్రాక్టీసు మూసేశారు. ఆ పది రోజులూ పిల్ల వాళ్ళ బిల్డింగ్ కింద కార్లు ఆపే చోట గోడకి బంతి కొట్టిందట. గార్డు భయ్యా వద్దని చెప్పి చెప్పి, చివరికి తనే బంతులు అందించడం మొదలుపెట్టాడని వాళ్ళమ్మ చెప్పింది.

జనవరిలో పెద్ద జట్టులో ఒకమ్మాయి వాళ్ళ నాన్నకి బదిలీ అయి వెళ్ళిపోయింది. కోచ్ నన్నేం అడగలేదు. పదకొండో నంబరుని పిలిచి, ఆదివారం లీగ్ మ్యాచ్‌కి రమ్మంది.

ఆ రోజు పొగమంచు పదింటి దాకా పలచబడలేదు. ఇటు గోల్ దగ్గర నిలబడితే అటు గోల్ కనిపించలేదు. మ్యాచ్ గంటన్నర ఆలస్యంగా మొదలైంది. ఇంకా తొమ్మిది నిమిషాలుండగా పిల్లని లోపలికి పంపారు. మొదటి బంతి కుడివైపు తేలిగ్గా వచ్చింది. అదే వదిలేసింది. బంతి గీత దాటిపోయింది. పిల్ల అంపైర్ వంకా చూడలేదు, స్టిక్కు వంకా చూడలేదు, గిరుక్కున తిరిగి పరిగెత్తింది. ఆ తర్వాత ఇద్దరి దగ్గర బంతి లాక్కుంది. ఒకసారి తడిసిన టర్ఫ్ మీద బోర్లాపడి, లేచేలోపు మళ్ళీ పడింది. మ్యాచ్ రెండు రెండుతో సమంగా ముగిసింది. నేను నోటుబుక్కు తెరవనేలేదు. గొంతు పోయేలా అరుస్తూ ఉండిపోయాను.

పిల్లలు చెమటలతో, ఎర్రబడ్డ ముక్కులతో ఒడ్డుకి వచ్చారు. కోచ్ పదకొండో నంబరుని ఆపింది.

"తొమ్మిది నిమిషాలు. నాలుగు తప్పులు."

"మూడే మేడమ్‌జీ," అన్నాను నేను.

"తీన్, మేడమ్," అంది పిల్ల కూడా, అదే క్షణంలో.

కోచ్ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "సరే, మూడు. వచ్చే ఆదివారం ఎనిమిదింటికల్లా రా. మొదటినుంచే ఆడతావు."

పిల్ల ఎగిరి గంతేసి, ఈ మాట చెప్పడానికి అమ్మ కోసం చుట్టూ చూసింది. వాళ్ళమ్మ ఇంకా పూర్తిగా విడవని ఆ మంచులో మమ్మల్ని వెతుక్కుంటూ అవతలి గోల్ వైపు నడిచి వెళ్ళిపోతోంది. పిల్ల కేకలేస్తూ ఆమె వెనక పరుగెత్తింది.