ఓబులమ్మ వెనక్కి తీసుకున్న సంతకం

2022 వేసవి. గోరంట్ల దాటి హిందూపురం వైపు వెళ్ళే రోడ్డు పక్కన నీలం రేకుల షెడ్డులో మా గార్మెంట్ ఫ్యాక్టరీ. కరోనా దెబ్బకు నెలల తరబడి తాళం పడి, అప్పుడప్పుడే మళ్ళీ ఆర్డర్లు వస్తున్న రోజులు. నేనక్కడ క్వాలిటీ ఇన్‌చార్జిని. అంటే కుట్టిన బట్టల్లో తప్పులు పట్టేదాన్ని. మాది ధర్మవరం, మా నాయన పట్టుచీరలు నేసేవాడు, కాబట్టి బట్ట సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ముక్కు మీద కోపం మాత్రం ఎవరూ నేర్పలేదు, పుట్టుకతోనే వచ్చింది. నేను మిషన్ల లైనులోకి అడుగుపెడితే ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. అది నాకు గౌరవమనే అనుకునేదాన్ని.

ఆ ఏడాది మేం కుట్టింది చంటిపిల్లల బట్టలు, పై దేశాలకు పోయే సరుకు. మా పనిలో అన్నిటికన్నా కఠినమైన నియమం సూది గురించి. మిషన్ మీద సూది విరిగితే ఆపరేటర్, అంటే కుట్టే మనిషి, వెంటనే మిషన్ ఆపి చెయ్యెత్తాలి. విరిగిన ముక్కలన్నీ ఏరి, నీడిల్ రిజిస్టర్ అనే పుస్తకంలో టేపుతో అంటించాలి. సూది మొత్తం దొరికిందని ఆపరేటరు, సూపర్‌వైజరు, నేను ముగ్గురం సంతకాలు చేస్తేనే కొత్త సూది. ఒక్క ముక్క దొరక్కపోయినా ఆ బండిల్, అంటే ఆ మిషన్ దగ్గరున్న బట్టల కట్ట, పక్కకు పోవాలి. రిజిస్టర్‌లో అబద్ధం రాసినట్టు తేలితే ఆ రోజే ఉద్యోగం ఊడుతుంది. ఇంత పట్టింపు ఎందుకంటే, దొరకని ముక్క ఏదో ఒక పసిబిడ్డ ఒంటి మీద తేలుతుంది.

ఓబులమ్మ మా లైనులో ఆపరేటరు. నల్లమాడ దగ్గర పల్లె. పిల్లలు పుట్టలేదని అత్తింటివాళ్ళు పుట్టింటికి తోలేశారు. తండ్రి అప్పటికే పోయాడు. చూపు సరిగా ఆనని తల్లిని వెంటబెట్టుకుని గోరంట్లలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఇద్దరి సంగటికీ ఆమె జీతమే ఆధారం.

నోట్లో నాలుక లేని మనిషి. ఎవరు ఏ తప్పు చేసినా తల వంచుకుని "నాదే తప్పు మేడమ్" అనేది. పక్క మిషన్‌లో కుట్టు జారినా, కాలరు వంకరైనా ఆమెదే. మెత్తటివాళ్ళను చూస్తే మొత్తబుద్ధి అంటారు కదా, మా సూపర్‌వైజరు నాగరాజు ఆ కిటుకు కనిపెట్టేశాడు. పాడైన పీసులన్నీ ఆమె లెక్కలో వేసేవాడు. అందులో సగం ఆమెవి కావని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను. గొడవ లేకుండా పని జరిగిపోయేది మరి.

కొన్నాళ్ళకు ఆమె ఆదివారాలు ప్రార్థనకు పోతోందని లైనులో అనుకోగా విన్నాను. పెద్దగా పట్టించుకోలేదు. ఒకరోజు కుట్టు తప్పిన పీసు ఒకటి తెచ్చి ఆమె మిషన్ మీద విసిరేశాను.

"ఇది నాది కాదు మేడమ్" అంది.

నా చెవులను నేనే నమ్మలేకపోయాను. "ఏమన్నావే?"

"నాది కాదు మేడమ్. బండిల్ నంబరు చూడండి."

చూశాను. ఆమెది కాదు. నాగరాజు నడుం మీద చేతులు పెట్టుకుని, "ఏమప్పా, ఓబులమ్మకు నోరొచ్చింది!" అన్నాడు. లైనంతా నవ్వింది. ఆమె కూడా కాస్త నవ్వి మళ్ళీ కుట్టుకుంటూ కూర్చుంది. ఆ నవ్వు చూసి నాకు ఉడుకుమోత్తనం వచ్చింది, అంతకన్నా ఎక్కువ కుతూహలం వచ్చింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఆమె పక్కన చతికిలబడి అడిగాను. "ఏమే, ఇంత ధైర్యం యాడ దొరికింది నీకు?"

సంగటి ముద్ద తుంచుతూ చెప్పింది. "మొదటి దినం పోయినప్పుడు పాస్టరమ్మ నా పేరడిగింది మేడమ్. ఫలానా వాళ్ళ కోడల్ని, వదిలేసినారు అన్నా. అది వాళ్ళు చేసిన పని, నీ పేరు చెప్పమ్మా అనింది. శానాసేపు నోరు పెగల్లేదు. ఓబులమ్మ అన్నా. ఆయమ్మ కండ్లు మూసుకుని, ప్రభువా, ఇదో నీ కూతురు ఓబులమ్మ అని ప్రార్థన చేసింది. కూతురంట మేడమ్! మా నాయన పోయినాక నన్ను ఆ మాట అన్నోళ్ళు లేరు. ఆ పొద్దు ఏడ్చినా చూడు, కొంగంతా తడిసిపోయింది."

"మరి పేరు మార్చలేదా నీకు?"

"బాప్తిస్మమప్పుడు అడిగినారు, కొత్త పేరు పెట్టుకుంటావా అని. వద్దన్నా. దేవుడు ఓబులమ్మనే కదా పిల్చుకునింది, ఇంగో పేరెందుకు?"

నేను శనివారాలు ఒంటిపూట ఉండే మనిషిని. మా ఇంటి దేవుడు మాకున్నాడు. ఆమె ప్రార్థనల సంగతి నాకంతగా తెలియదు. కానీ ఆదివారం అక్కడ ఒక్కొక్కరు లేచి నిలబడి సాక్ష్యం చెప్పాలట, అంటే ఆ వారం తమకేం జరిగిందో, దేవుడు ఎలా ఆదుకున్నాడో నలుగురిలో తమ నోటితో చెప్పుకోవాలట. మొదట్లో లేచి ఏడ్చి కూర్చునేదట. తర్వాత ఒక మాట, తర్వాత రెండు మాటలు. తనను లెక్కలో వేసుకునేవాడు ఒకడున్నాడన్న నమ్మకం వంగిన మనిషిని అలా కొంచెం కొంచెంగా నిలబెట్టింది. దాన్ని నేను కళ్ళారా చూశాను.

ఇక అసలు సంగతి. మే నెలలో ఒకరోజు సాయంత్రం ఐదింటికి లారీ బయలుదేరాలి. మామూలుగా అయితే ప్యాకింగ్‌కు ముందు నీడిల్ డిటెక్టర్ అనే యంత్రంలో ప్రతి బట్టా పోవాలి. లోపల ఇనప ముక్క ఉంటే అది కూత పెడుతుంది. రెండు రోజులుగా ఆ యంత్రం మొరాయించింది. మెకానిక్ బెంగళూరు నుంచి రావాలి. "రిజిస్టర్ సరిగ్గా ఉంది కదా, పంపేద్దాం" అన్నాడు మేనేజరు. నేను సరేనన్నాను. అనకూడదు, అన్నాను.

మూడు గంటలప్పుడు ఓబులమ్మ మిషన్ వదిలేసి వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. ముఖం పాలిపోయి ఉంది.

"మేడమ్, పొద్దున నా సూది విరిగింది. అంతా దొరికిందని రిజిస్టర్లో సంతకం పెట్టినా. అది అబద్ధం."

"అంటే?"

"మొన దొరకలే. వెతుకుతాంటే నాగరాజన్న టైము లేదని, పాత డబ్బాలోంది ఇంగో మొన తీసి అంటించినాడు. పెట్టు సంతకం అన్నాడు. పెట్టేసినా. అన్నం తినబుద్ధి కాలేదు మేడమ్."

రిజిస్టర్ తెరిచాను. అంటించిన మొన లావు వేరు, సూది లావు వేరు. గుడ్డివాళ్ళకైనా తెలుస్తుంది. కింద మూడో సంతకం నాది. పొద్దున నాలుగైదు పేజీలు ఒక్కసారి ముందుపెడితే చూడకుండా గీకేశాను.

ఆ క్షణంలో నాకు బిడ్డలు గుర్తు రాలేదు, నా సంతకమే గుర్తొచ్చింది. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. "ఇప్పుడా చెప్పేది? పెట్టెలన్నీ సీలు వేసేసినారు. గమ్మునుండు. పోయి కూచో" అన్నాను.

ఆమె కదల్లేదు.

"ఉద్యోగం పోతాదే పిచ్చిదానా! మీయమ్మను ఎవరు సాకుతారు?"

"తెలుసు మేడమ్. ఆ బట్టేసుకునే బిడ్డకు నోరు లేదు. గుచ్చుకుంటే ఏడుస్తాది, ఎందుకేడుస్తాందో తల్లికి తెలీదు. నాకు నోరుండాది కదా."

ఆ మాటకు నేను లేచాను. ఇద్దరం మేనేజరు గదిలోకి వెళ్ళాం. నాగరాజును పిలిపించారు. "శుద్ధ అబద్ధం సార్. ఈ మధ్య ఈయమ్మకు శానా ఎక్కువైంది" అన్నాడు వాడు. మేనేజరు గడియారం చూసుకుని ఓబులమ్మ వైపు తిరిగి, "లారీ ఆపడానికి నువ్వెవరు?" అని గద్దించాడు.

ఇంతకు ముందైతే ఆ ప్రశ్నకు ఆమె తల వంచుకుని వెళ్ళిపోయేది. ఆరోజు కొంగు కొస వేలికి చుట్టుకుంటోంది, కానీ తల మాత్రం దించలేదు.

"నేను ఓబులమ్మ సార్. ఆ మిషన్ మీద కూచునేది నేనే. సూది విరిచింది నేనే, అబద్ధం సంతకం పెట్టింది నేనే. ఆ సంతకం నేను ఎనక్కి తీసుకుంటాండా. నన్ను తీసేస్తే తీసేయండి, లారీ మాత్రం పంపొద్దండి."

"కింద సంతకం నాది సార్. నేను కూడా చూడకుండా పెట్టినాను" అన్నాను. ఆమె పక్కన నిలబడి ఉంది కాబట్టే ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. ఒంటరిగా ఉంటే వచ్చేది కాదు, ఒట్టు.

మూడు సంతకాల్లో రెండు పోయేసరికి మేనేజరు లారీ ఆపి, ఆ బండిల్ బట్టలు కలిసిన అట్టపెట్టెలు విప్పించాడు. ఇంటికి పోవాల్సిన ఆడవాళ్ళు కూడా ఆగిపోయి తలా కొన్ని బట్టలు తీసుకున్నారు. కుట్టు కుట్టూ తడుముతూ, అయస్కాంతం తిప్పుతూ వెతికాం. గంట గడిచింది. ఏమీ దొరకలేదు. "నేను చెప్పలేదా?" అని నాగరాజు పళ్ళికిలించాడు. ఓబులమ్మ తలెత్తకుండా ఒక్కొక్క బట్టా విప్పుతూనే ఉంది.

దొరికింది నా చేతికే. తెల్లటి చిన్న చొక్కా, మెడ పట్టీ మడతలో. దొరికిందనడం కూడా కాదు, నా బొటనవేలికి దిగింది. సగం బియ్యపు గింజంత ఉంటుంది. తెల్లబట్ట మీద నా రక్తం చుక్క పడింది. నాగరాజు పక్కనున్న పెట్టె మీద కూలబడ్డాడు. ఓబులమ్మ కొంగు తలమీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది. నేను ఆ చొక్కా పట్టుకుని అందరి ముందే ఏడ్చాను. ఆ మెడ పట్టీ నా మూడు వేళ్ళంత కూడా లేదు.

నాగరాజును ఉద్యోగంలోంచి తీసేశారు. నాకు మెమో ఇచ్చారు. ఓబులమ్మను పదిహేను రోజులు పనిలోకి రావద్దన్నారు, ఆ తర్వాత ఉంచేదీ పంపేదీ చెప్తామన్నారు. నిజం చెప్పిన మనిషికి ఇదేం శిక్ష అని మేనేజరుతో పెద్ద రభసే పెట్టుకున్నాను. "రూల్ రూలే కదమ్మా" అన్నాడు. నిన్నటిదాకా నేను అందరికీ చెప్పిన మాటే అది.

మధ్యలో వచ్చిన ఆదివారం మనసాగక ఆమె ప్రార్థనకు పోయే చోటికి వెళ్ళాను. రేకుల కప్పు, కింద జంపఖానాలు, ఒక డోలక్. ఆడవాళ్ళ వెనక గోడ వారగా కూర్చున్నాను. ఓబులమ్మ సాక్ష్యం చెప్పడానికి లేచింది. లారీ ఆపిన కథ అంతా చెప్తుందని, అందరూ ఆహా ఓహో అంటారని ఎదురు చూశాను.

ఆమె చెప్పింది నాలుగు మాటలే. "ఈ వారం నేను అబద్ధం సంతకం పెట్టినా. ప్రభువు నన్ను క్షమించినాడు. నిజం చెప్పే ధైర్యమిచ్చినాడు. నా పని గురించి మీరంతా ప్రార్థన చేయండి." అంతే, కూర్చుంది. లారీ మాట లేదు. నాగరాజు పేరు లేదు. నా పేరూ లేదు.

నేను ఉండబట్టలేక లేచాను. "నేను మీలో మనిషిని కాదు. కానీ ఈమె చెప్పనిది ఒకటుంది, అది చెప్పి పోతా" అని జరిగినదంతా చెప్పాను, మూడో సంతకం ఎవరిదో కూడా. వింటున్నవాళ్ళలో ఒక ముసలావిడ ఓబులమ్మ వీపు నిమిరింది. ఆమె మాత్రం సిగ్గుతో కొంగులో ముఖం దాచుకుంది.

బయటికొచ్చాక అడిగాను. "ముందూ నాదే తప్పు అనేదానివి, మొన్నా నాదే తప్పన్నావు. ఏం మారినట్టు?"

చెప్పులు తొడుక్కుంటూ చెప్పింది. "ముందు ఎవరి తప్పైనా మోసేదాన్ని మేడమ్. తప్పులు మోసేదానికి తప్ప ఇంగ దేనికీ పనికిరాను అనుకుంటాంటి. ఇప్పుడట్ల కాదు. నాది కానిది నాది కాదంటా. నాదైతే నాదంటా. ఎందుకంటే, తప్పు చేసినా ఆయన నన్ను తోలేయడు."

పదహారో రోజు పొద్దున ఓబులమ్మను పనిలోకి తీసుకున్నారు. అదే మిషన్, అదే స్టూలు.

ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్న పాఠాల్లో ఇది పెద్దది. భయపెడితే తప్పులు తగ్గవు, దాక్కుంటాయి. నా అరుపులకు జడిసి ఎన్ని మొనలు నా లైనులో దాక్కుని ఏయే దేశాలకు పోయాయో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. తప్పు చెప్పినా తనను వదిలెయ్యని వాళ్ళు ఒకరున్నారని తెలిస్తేనే మనిషి నోరు విప్పుతుంది. ఓబులమ్మకు దేవుడు అలా దొరికాడు. మిగతా ఆడవాళ్ళకు షెడ్డులో దొరికేది నేనే. అందుకే ఇప్పుడు ఎవరు చెయ్యెత్తినా ముందు వెళ్ళి వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, వాళ్ళతోపాటు ముక్క వెతుకుతాను. అరవాల్సి వస్తే ఆ తర్వాతే.