పిన్నీసుకు గుచ్చిన పేర్లు

పంజాగుట్టలో మా ఫ్లాట్‌ను బిల్డరు సింగిల్ బెడ్‌రూమ్ అన్నాడు. ఆయన మాట మీద గౌరవంతో మేమూ అలాగే అంటున్నాం. ఆ ఒక్క గదిలో మంచం, గోడ అల్మారా, మా పెళ్లినాటి ఇనప బీరువా ఉంటాయి. మనుషులు వీలును బట్టి ఉంటారు.

అత్తయ్య మధురానగర్ నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు తెచ్చుకున్నవి రెండే, ఒక ట్రంకు పెట్టె, ఒక కుట్టుమిషన్. పెట్టె మంచం కిందికి వెళ్లింది. మిషన్‌కు బాల్కనీ దొరికింది. దాని మీద ఎవరిదో ఎన్నికల ఫ్లెక్సీ కప్పాం. నమస్కారం పెడుతున్న చేతులు పైకి వచ్చాయి. బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడల్లా ఆ గౌరవం నాకు దక్కేది.

ఇరవై ఏళ్లకు పైగా ఆవిడ మధురానగర్ సందులో, హాస్టళ్ల మధ్య, ఒక చిన్న షట్టర్ కొట్టులో కూర్చుని కుట్టారు. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే పిల్లలు ఇంటర్వ్యూ ముందురోజు కొత్త ప్యాంటు పట్టుకొచ్చేవాళ్లు. కొత్త ప్యాంటు ఎప్పుడూ పొడుగే. ఆవిడ కూర్చోబెట్టి, అక్కడికక్కడే అంచు మడిచి కుట్టి పంపేవారు. ఇవాళ ఈ ఊళ్లో పెద్ద ఉద్యోగాల్లో తిరుగుతున్న కొందరికి మొదటి అంచు మా అత్తయ్య కుట్టిందే. ఆ కాళ్ల దగ్గరి పనితోనే మా ఆయన చదువూ సాగింది. తర్వాత ఆ బిల్డింగు పడగొట్టారు, షట్టర్ పోయింది. మిషన్ మా బాల్కనీలో రెండు వానాకాలాలు చూసింది.

మూడో వానాకాలం మొదట్లో ఒక బుధవారం ఆవిడ ఫ్లెక్సీ తీసి చక్రం తిప్పితే కదల్లేదు. తుప్పు. నూనె పోసి, ఎదురుగా కూర్చుని, చక్రం కదిలాక ఫోన్ తీశారు. మధురానగర్‌లో ఇంకా కుడుతున్న ఒక స్నేహితురాలికి.

"ఐతారం వచ్చి మిషిన్ తీస్కపో. నీ తాన్నన్న నడుస్తది. ఈడుంటె తుప్పువట్టి సస్తది."

"మరి నువ్వేం జేస్తవక్కా?" స్పీకర్‌లో వినబడింది.

"నేనా. టీవీ సూస్త."

ఆవిడకు టీవీ అంటే గిట్టదు. రిమోట్‌ను కూడా రెండు వేళ్లతో పట్టుకుంటారు.

మిషన్‌కు సరిపడా చోటు ఇంట్లో ఒక్కటే ఉంది, పడకగదిలో కిటికీ పక్కన. వెలుతురు బాగా పడుతుంది. అక్కడ బీరువా ఉంది. బీరువాలోని సామానంతా అల్మారాలో పడితే బీరువాను పంపించేయొచ్చు. అల్మారా మాత్రం అప్పటికే లోపలి బట్టలు బయటికి తొంగిచూసే స్థితిలో ఉంది. ఆదివారం లోపల తేలాలి. శుక్రవారం సెలవు పెట్టాను. కారణం దగ్గర 'ఇంట్లో షిఫ్టింగ్' అని రాశాను. అబద్ధమేమీ కాదు.

పొద్దున్నే అత్తయ్య చెల్లెలి ఇంటికి ఖైరతాబాద్ వెళ్లారు. అల్మారా, బీరువా రెండూ తెరిచి మొత్తం మంచం మీద పోశాను. మంచం కనబడలేదు. నాకు తొమ్మిది నల్ల లెగ్గింగులు ఉన్నాయని ఆ రోజే తెలిసింది. మా ఆయనకు పది కంపెనీల టీషర్టులు ఉన్నాయి, పనిచేసింది మాత్రం రెండింట్లోనే. కానీ బీరువాలో సగం ఆక్రమించింది మేమిద్దరం కాదు, అత్తయ్య ట్రంకు పెట్టెలోంచి వచ్చి చేరిన జాకెట్టు ముక్కలు. పెళ్లిళ్లకు, గృహప్రవేశాలకు, వ్రతాలకు బంధువులు బొట్టుపెట్టి చేతిలో పెట్టినవి. ఒక్కోదానికీ పిన్నీసు, ఆ పిన్నీసుకు చిన్నగా మడిచిన కాగితం. పాత కస్టమర్ల కొలతలు అనుకున్నాను. విప్పి చూడాలని తోచలేదు. ఇంజనీరింగ్ చదివాను కదా.

పిన్నీసులు తీసి గిన్నెలో వేశాను. కాగితాలు చెత్తబుట్టలో వేశాను. ముక్కలను రంగుల వారీగా పేర్చాను. గులాబీ నుంచి వంకాయ రంగు దాకా ఒక్క మెట్టు కూడా తప్పకుండా. ఫోటో తీసుకున్నాను. పదకొండింటికి చెత్త ఆటో వచ్చి వెళ్లింది.

సాయంత్రం మా ఆయన వచ్చి చూసి, చెప్పులు కూడా విప్పకుండా నిలబడ్డారు.

"చిట్టీలేవి?"

"ఏ చిట్టీలండీ?"

"ఎవరు పెట్టిండ్రో రాసిన చిట్టీలు. అమ్మ చెప్తుంటె నేనే రాసిన. ఆరో తరగతి నుంచి."

అప్పుడు అర్థమైంది. ఈ ముక్కలు ఎవరూ కుట్టించుకోరు, మళ్లీ ఇంకెవరికో పెడతారు. పెట్టినవాళ్లకే తిరిగి వెళ్లకూడదన్నది ఒక్కటే నియమం. తెనాలిలో మా అమ్మ ఇలాంటివి రాసిపెట్టేది కాదు. మా పిన్ని పెట్టిన ముక్క మూడేళ్లకు పిన్నికే చేరింది. ఇప్పటికీ ఇద్దరూ "అన్నం తిన్నావా" దగ్గర ఆగిపోతారు.

అత్తయ్య వచ్చారు. చెప్పేశాను. ఆవిడ పిన్నీసుల గిన్నె వైపు, నా ఇంద్రధనుస్సు వైపు చూశారు.

"రంగులు మంచిగ వెట్టినవ్ బిడ్డా."

తర్వాత మంచం అంచున కూర్చుని పై ముక్క తీసుకున్నారు. దాన్ని చూడలేదు. అంచును రెండు వేళ్ల మధ్య నలిపారు.

"గిది మా చెల్లె, గృహప్రవేశంల. గట్టి గుడ్డ. దాని లెక్కనే, వంగది."

ఇంకొకటి. "గిది మా వదినె. మీటరన్నది, ముప్పావే ఉన్నది."

మా ఆయనకు నమ్మకం కుదరలేదు. ఒక ముక్కను వీపు వెనక దాచి మూల మాత్రం అందించారు.

"గిది నీ పెండ్లాం పెట్టిందేరా, పెండ్లయిన కొత్తల."

"బాగుందా అత్తయ్యా?" అన్నాను.

"రంగు పోతది."

చీకటి పడే లోపల దొంతర మొత్తం చెప్పేశారు. ఎవరు, ఎప్పుడు, ఏ మిల్లు బట్ట, ఎన్ని ఉతుకులకు ఆగుతుంది. నేను ఆఫీసులో ఇంత డేటాకు సర్వర్ అడుగుతాను. చివరి ముక్క కింద పెట్టి, దొంతర మీద చెయ్యి వేశారు.

"గిన్నేండ్లు మోసిన. ఒక్కటి సుత నచ్చి దాచలే. నాకు నచ్చనిది ఇంకొకలకు అంటగడ్దామని దాచిన."

"పారేద్దామా అమ్మా?" అన్నారు మా ఆయన.

"పారేసుడేంది, మంచిగున్న గుడ్డ. బొంత కుడ్త. మంచం మీద పరుసుకుందం."

"దానికి మిషన్ కావాలి కదా" అన్నాను.

ఆవిడ కిటికీ వైపు చూశారు. ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు.

శనివారం పొద్దున్నే ఆవిడే పని చేతిలోకి తీసుకున్నారు. చీర డబ్బా అట్ట ఒకటి కత్తిరించి, దాని మీద చొక్కా బోర్లించి, రెండు మడతలు, ఒక తిప్పు. "గుడ్డను పండవెట్టద్దు బిడ్డా, నిలవెట్టాలె. అప్పుడు ఏది గావాల్నంటే అది గుంజచ్చు." సరిగ్గా ఇదే నేర్పే వీడియోలు నేను నాలుగు నెలలుగా చూస్తున్నాను. ఒక్క బస్సు ఎక్కితే వచ్చే మధురానగర్‌లో ఇది మొదట్నుంచీ ఉందని అందులో ఎవరూ చెప్పలేదు. మధ్యాహ్నానికి టీషర్టులు ఫైళ్లలా నిలబడ్డాయి. లెగ్గింగులు నాలుగయ్యాయి. ముక్కలు బొంత కోసం బుట్టలోకి వెళ్లాయి. బీరువాలో హ్యాంగర్లు మాత్రమే మిగిలాయి. దాన్ని ముగ్గురం కలిసి హాల్లోకి జరిపి, మిషన్‌ను కిటికీ పక్కకు మోసుకొచ్చాం. మా ఆయన ఫ్లెక్సీని మర్యాదగా మడిచారు.

ఆదివారం ఆవిడ స్నేహితురాలు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చింది. అత్తయ్య మిషన్ దగ్గర ఉన్నారు.

"నేను తీస్కపోదామనొస్తె నువ్వు కుడుతున్నవేందక్కా?"

"జర కూసో. ఈ లైన్ అయిపోనీ."

లైను అయిపోయింది. ఇంకోటి మొదలైంది. నేను చాయ్ ఇచ్చాను. ఆమె చాయ్ తాగుతూ కుట్టు వైపే చూసింది.

"నీ చెయ్యి మారలేదక్కా. ఇస్తవా, ఇయ్యవా?"

"ఇయ్య."

"మరి నా ఆటో కిరాయి?"

"బీరువా తీస్కపో. ఖాళీగున్నది. మా కోడలు సదిరింది."

చిట్టీలు పారేసిన విషయం ఆవిడ ఎత్తలేదు. నేనూ గుర్తుచేయలేదు. బీరువా లిఫ్టులో పట్టక మెట్ల మీంచి దిగింది.

సాయంత్రం పక్క ఫ్లాటాయన తలుపు కొట్టి, మీ గోడ లోంచి ఏదో టకటకమని చప్పుడు వస్తోంది, ఏంటండీ అని అడిగారు. మా అత్తయ్య పని చేసుకుంటున్నారు అని చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పానట. కింద వాచ్‌మన్‌కు కూడా వినబడిందని మా ఆయన అన్నారు.