కారు ప్రార్థనకు వచ్చిన ట్రాక్టర్

నాకు కారు కావాలి. ఈ మొత్తం వ్యవహారంలో నేను కోరుకున్నది అదొక్కటే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. ఇల్లు నార్సింగిలో. నేను నర్సుగా చేసే ఆసుపత్రి ఖాజాగూడ దాటాక. మధ్యలో నా స్కూటర్. వానాకాలం వస్తే యూనిఫాం సంచిలో, నేను వానలో. అందుకే ఒక తెల్ల కారు చూసి పెట్టుకున్నాను, డ్రైవింగ్ నేర్చుకున్నాను, మా ఆయనా నేనూ కలిసి డబ్బు కూడబెట్టాం. ఆదివారం ఆరాధన అయ్యాక కొత్త బండికి ప్రార్థన చేయడానికి పాస్టరుగారు వస్తానన్నారు. ఇక కారు కొనడమే తరువాయి.

శనివారం కొనడానికి బయలుదేరాం. దారిలో ట్రాక్టర్ల షోరూము ముందు మా ఆయన బండి ఆపారు.

ఆయన హైటెక్ సిటీలో కంప్యూటర్ ముందు కూర్చునే మనిషి. చేవెళ్ల వైపు ఆయన వాటాకు వచ్చిన ఎకరం పొలం ఉంది. దున్నించాలంటే ఊళ్లో ట్రాక్టర్ ఉన్నాయనను బతిమాలాలి. వాన పడగానే ఊరంతా ఆయన్నే పిలుస్తుంది, మా వంతు వచ్చేసరికి నేల ఎండిపోతుంది. అది మా ఆయనకు పెద్ద అవమానం.

"జర ధర అడిగొద్దాం. అడిగితే పైసలు గుంజుకుంటరా ఏంది?" అన్నారు.

గుంజుకున్నారు.

ట్రాక్టర్ చిన్నది, ఎర్రగా, ముద్దుగానే ఉంది. ఐదున్నర లక్షలన్నాడు సేల్స్‌మన్. కారు కంటే తక్కువే కదా అన్నట్టు మా ఆయన నావైపు చూశారు.

"దున్నేది దీంతోనే వస్తదా?"

"అది వేరే సార్. రొటవేటర్ అంటాం. వెనక తగిలించుకోవాలి."

"మరి ట్రాలీ?"

"అది కూడా వేరే సార్."

"మరి దీంతోని ఏమొస్తది?"

సేల్స్‌మన్ ట్రాక్టర్‌ను పైనుంచి కిందిదాకా చూశాడు. "సీటు వస్తది సార్."

"దున్నని ట్రాక్టర్, మోయని ట్రాక్టర్ మనకెందుకండీ? హాల్లో పెట్టుకుందామా?" అన్నాను.

"కారు కూసొని తింటది. ఇది కష్టం చేసి పెడతది. ఊళ్లె కిరాయికి తిప్పితే నీ కారు ఇదే కొనిస్తది. ఫికర్ చెయ్యకు."

ట్రాక్టర్ వెళ్లి నాకు కారు ఎలా కొంటుందో అర్థం కాక, లోపలికి వెళ్లి మంచినీళ్లు తాగి వచ్చాను. ఈలోగా ఆయన ఫోన్లోంచి డబ్బు పంపేశారు. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ అంటూ మరికొంత పోయింది. మిగిలిన డబ్బు రొటవేటర్‌కు చాలదు, కారుకు అసలే చాలదు. అందులోంచి మా ఆయన ఒక తాడు కొన్నారు. ట్రాక్టర్ ఉన్నవాడి దగ్గర తాడు లేకపోతే బాగుండదట. ఒళ్లు మండిపోయింది నాకు.

రొటవేటర్ లేకుండా ఊరికి తీసుకుపోతే నవ్వుతారని మర్నాడు దాన్ని అపార్ట్‌మెంటుకే తెచ్చారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగాడు.

"సార్, దీనికి ఏ స్టిక్కర్ ఇయ్యాలె?"

"నాలుగు చక్రాలే కద. కారుదే ఇయ్యి."

కారు స్టిక్కరుతో సెల్లారులోకి దిగబోతే, బానెట్ మీద నిటారుగా నిలబడ్డ పొగ గొట్టం పైకప్పు అంచుకు టంగుమని తగిలింది. వెనక్కి తీసి విజిటర్ పార్కింగ్‌లో పెట్టారు. సరిగ్గా అప్పుడే పాస్టరుగారు వచ్చారు.

ఆయన ట్రాక్టర్‌ను చూశారు, నన్ను చూశారు. ఏమీ అడగకుండా బానెట్ మీద చెయ్యి పెట్టి, వేడికి చటుక్కున తీసేసి, మడ్‌గార్డ్ మీద పెట్టారు. కారుకని సిద్ధం చేసుకున్న ప్రార్థన అలాగే మొదలుపెట్టేశారు. "ప్రభువా, నీ దాసురాలు అనుదినము ఈ వాహనములో డ్యూటీకి వెళ్లి క్షేమముగా తిరిగి వచ్చునట్లు కాపాడుము." నేను కళ్లు తెరిచేశాను. ఆమేన్ చెప్పలేదు. చెబితే ఒప్పుకున్నట్టే కదా. మా ఆయన మాత్రం రెండుసార్లు చెప్పారు.

తర్వాత నెల రోజులు అది అక్కడే ఉంది. పిల్లలు దాని మీదెక్కి ఆడుకున్నారు. నేను స్కూటర్ మీద తడిశాను.

ఒకరోజు తెల్లవార్లూ వాన. పొద్దున చూస్తే సెల్లారులో నీళ్లు, నీళ్లలో నా స్కూటర్. క్యాబ్ దొరకలేదు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

"పాస్టరుగారి ప్రార్థన ఊకెనే పోతదా? ఎక్కు."

గొడుగు పట్టుకుని మడ్‌గార్డ్ మీద కూర్చున్నాను. దారంతా చెప్పులు చేత పట్టుకుని నడిచే ఆఫీసు జనం మమ్మల్ని ఫోన్లలో వీడియో తీసుకున్నారు. ఖాజాగూడ చెరువు దగ్గర మోకాలి లోతు నీళ్లలో ఒక కారు ఆగిపోయి ఉంది. తెల్లది. నేను చూసి పెట్టుకున్న మోడలే.

"తాడు ఉందాండీ?" అన్నాను.

లాగుతుంటే స్టీరింగు తిప్పడం తన వల్ల కాదంది అందులోని అమ్మాయి. పక్క సీట్లోకి జరగమని చెప్పి నేను కూర్చున్నాను. మా ఆయన తాడు కట్టి లాగారు. నీళ్లు దాటాక కూడా కారు స్టార్టవలేదు, ఆసుపత్రి దాకా అలాగే లాగారు. ఎంత మెత్తని సీటు! బయట అంత వాన కురుస్తుంటే లోపల నా జడ కూడా తడవలేదు. సంతోషానికి ఏడుపొచ్చింది. నేను కోరుకున్న కారులో నేను డ్యూటీకి వెళుతున్నాను, కాకపోతే దాన్ని మా ట్రాక్టర్ లాగుతోంది. ముందు అద్దంలోంచి మా ఆయన వీపు కనిపిస్తోంది. గొడుగు నా దగ్గరే ఉండిపోయింది.

ఆసుపత్రి గేటు దగ్గర ఆయన దిగి తాడు విప్పారు. చొక్కా అంచు పిండితే నీళ్లు ధారగా కారాయి. పళ్లు టకటకలాడుతున్నాయి.

"బండి మీద నువ్వు రోజూ గిట్లనే తడుస్తవా?"

"రోజూ కాదండీ. వాన పడిన రోజే."

ఆయన తాడు చుట్టి ట్రాక్టర్ సీటు వెనక పెట్టారు.

"ఇగ రొటవేటర్ తర్వాత చూద్దాం. ఉన్న పైసలు కట్టి, కడమది లోన్ల పెట్టి, ముందుగాల నీ కారు తీసుకుందాం."

నెల కిందట విజిటర్ పార్కింగ్‌లో చెప్పకుండా దాచుకున్న మాట ఒకటి నా దగ్గరే ఉంది. ట్రాక్టర్ దగ్గరకు వెళ్లి, తడిసిన బానెట్ మీద చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని, ఆమేన్ అన్నాను.