డాక్టరమ్మ కోసం దాచిన బెల్లం ముక్క

మంగళవారం పొద్దున్న చెరకు గానుగ దగ్గర బెల్లం పొయ్యికి మట్టి మెత్తుతున్నాను. అనకాపల్లి మార్కెట్టుకి వెళ్ళొచ్చిన మా బావమరిది సైకిలు దిగకుండానే కేకేశాడు.

"బావా, పళ్ళ డాక్టరమ్మ పోనాదంట! తెల్లారగట్ట గుండె ఆగిపోయిందంట."

"ఏ డాక్టరమ్మరా?"

"ఇంకే డాక్టరమ్మ! మీ పాపకి పన్ను దింపినావిడే."

మట్టి చేతుల్తో అక్కడే కూలబడిపోయాను. 'అయ్యో తల్లీ, ఇంకో అయిదు రోజులు ఆగలేకపోయావా' అని ఏడ్చాను. అయిదు రోజులని ఎందుకన్నానో చెబుతాను. నేను ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి. ఆవిడ గురించి నాలుగు ముక్కలు రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

మా పాప పుట్టేసరికే నా తల సగం నెరిసింది. పదమూడేళ్ళొచ్చినా దానికి పైన ఒకవైపు పాలపన్ను ఊడలేదు, కోరపన్ను రాలేదు. లేటుగా వస్తుందిలే అనుకున్నాం. డాక్టరమ్మ ఎక్స్‌రే తీసి వెలుగుకెత్తి చూపించింది. కోరపన్ను అంగిటి ఎముకలో అడ్డంగా పడుకుని ఉంది.

"ఇది పక్క పన్ను వేరు మీదికి ఎక్కుతోంది బాబాయ్. వదిలేత్తే ఆ వేరుని తినేస్తాది. ముందు పన్ను ఊడిపోతాది."

"అయితే దీన్ని పీకేద్దామా తల్లీ?"

"పీకడం ఎంతసేపు! చిన్నపిల్ల, పన్నుకి దారి చూపిద్దాం."

ముందు పాలపన్ను తీసింది. పళ్ళకి తీగ కట్టి చోటు చేసింది. తరవాత చిగురు కోసి, లోపలి పన్నుకి గుండీలాంటిది అతికించి, దానికి సన్నటి గొలుసు వేసి తీగకి కట్టింది. నెలనెలా కాస్త బిగించేది. "లాగడం కాదు బాబాయ్, బతిమాలడం" అనేది. అద్దం పిల్ల నోట్లో పెట్టేముందు అరచేతిలో పెట్టుకుని వెచ్చబరిచేది. పని అయ్యాక నన్ను కూడా పిలిచేది: "వంగి చూడు బాబాయ్, పంట నీది."

చెరకు నమలకూడదు, బెల్లం కొరకకూడదు అంది. పాప మూతి ముడిచింది. "బెల్లం వండే ఇంట్లో పుట్టి తినొద్దంటే ఎలాగండీ?"

"అయితే నేనూ తినను. నీ పన్ను దిగిన ఏడు మీ నాన్న వండిన తొలి పెనం బెల్లం ముక్క ఇద్దరం కలిసి తిందాం. సరేనా?"

పిల్లని ఊరుకోబెట్టడానికి అందనుకున్నాను. ఆ తరవాత నేను బెల్లం దిమ్మ తీసుకెళితే ఆస్పత్రిలో అందరికీ పంచి, తను మాత్రం వేలు కూడా నాకలేదు.

ఆ మాట నిలబెట్టుకున్నది ఆవిడ. తప్పినవాణ్ణి నేను. మా ఇంట్లో ఏటా చెరకు పాకం కాచి తొలి పెనం దించిన రోజున మొదటి ముక్క ఆడపిల్ల నోట్లో పెట్టడం రివాజు.

"డాక్టరమ్మ ఒద్దన్నారు నాన్నా."

"దేవుడికి పెట్టిన ముక్క ఏటీ సెయ్యదే, నోరు తెరు."

వెచ్చటి బెల్లం పళ్ళకి పట్టేసింది. పిల్ల నోట్లోంచి ముక్క తీస్తే దాంతోపాటు గొలుసు, గుండీ వచ్చేశాయి.

సిగ్గేసింది. గొలుసు కాగితంలో చుట్టి చొక్కా జేబులో దాచాను. పాపకి జ్వరమని ఫోన్లో అబద్ధం చెప్పి రెండుసార్లు వెళ్ళడం ఎగ్గొట్టాను. ఈలోపు చిగురు మూసుకుపోయింది. ముందు పన్ను సలుపు మొదలై, వేలు పెడితే కదులుతోంది. "నీ సేత్తోనే పిల్ల మూతి పాడుసేసేవు" అని మా ఇంటిది గుండెలు బాదుకుంది. మర్నాడే పిల్లని తీసుకుని ఆస్పత్రికి వెళ్ళాను.

గొలుసు డాక్టరమ్మ బల్ల మీద పెట్టి వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ మళ్ళీ ఎక్స్‌రే తీసి వెలుగుకెత్తి చూసింది.

"ముక్క పెట్టినందుకు కోపం లేదు బాబాయ్. దాచేవు చూడు, దానికి కోపం. మళ్ళీ కొయ్యాలి. ముందు పన్ను నిలబడతాదని ఇప్పుడు నేను మాటివ్వలేను."

మళ్ళీ చిగురు కోసి, గుండీ అతికించి గొలుసు వేసింది. ఆ నెలలు ఎలా గడిపానో నాకే తెలీదు. పొద్దున్నే పాప నోరు తెరిపించి, ముందు పన్ను ఉందో లేదో చూసుకున్నాకే పొలం వెళ్ళేవాణ్ణి. బడిలో అది నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే మాట్లాడేదట. నా చేతిని నరికేసుకోవాలనిపించేది.

ఒకరోజు పాప నోరు తెరుచుకునే గట్టు మీద పరిగెత్తుకొచ్చింది. చిగురులో నూకగింజంత తెల్లగా, పన్ను మొన! నేను పొలంలో గెంతాను బాబూ, ఈ వయసులో! అప్పుడే పాపని తీసుకుని టౌనుకి పరిగెత్తాను. డాక్టరమ్మ చూసి చప్పట్లు కొట్టింది. ఆ తరవాత మెల్లిమెల్లిగా పన్ను వరసలోకి దిగింది, ముందు పన్ను గట్టిపడింది. పోయిన నెల తీగలు విప్పేసింది. పాప నవ్వితే ఇల్లంతా వెలుగే. ఆ సంతోషం పట్టడానికి నా గుండె చాలలేదు.

"తొలి పెనం ఎప్పుడు బాబాయ్?"

"వచ్చే నెల మొదటి ఆదివారం తల్లీ."

"చర్చి నుంచి నేరుగా వచ్చేత్తాను. ఏమీ తినకుండా వస్తాను సుమా."

ఆ ఆదివారం రావడానికి అయిదు రోజుల ముందు వెళ్ళిపోయింది. ఆవిడని మట్టి చేసిన రోజు సమాధుల దగ్గర ఎంతమంది పిల్లలో! పళ్ళకి తీగలున్న పిల్లలు, నోరు దాచుకోవడం మరిచిపోయి ఏడుస్తున్నారు. ఇంకా సగం దారిలో ఉన్న ఆ పళ్ళని ఎవరు బతిమాలతారు తల్లీ?

ఆదివారం పెనం దించాం. ఆవిడ కోసం ముందే తెచ్చిన కుర్చీ పొయ్యి పక్కన ఖాళీగా ఉంది. ముక్క ఇస్తే పాప చాలాసేపు చేతిలోనే పట్టుకుంది. చివరికి కొత్త పన్నుతో సగం కొరికి, మిగతా సగం ఆకులో పెట్టి ఆ కుర్చీలో ఉంచింది.

సాయంత్రానికి చీమలు పట్టాయి. ఎవరమూ తియ్యలేదు. ముక్క అంచున కోరపన్ను దిగిన గుంట మాత్రం ఇంకా అలాగే ఉంది.